చంటోడి ఏడుపుకి కైరోప్రాక్టర్: మూడు సిట్టింగులు, ఒక మెయిల్, నాలుగు లైన్ల రివ్యూ

మా వాడు పుట్టిన మూడో వారం నుంచి సాయంత్రం ఆరు కొట్టగానే ఏడుపు ఎత్తుకునేవాడు. పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టకేసి లాక్కుని, మొహం కందగడ్డలా చేసుకుని, గుక్కపట్టి ఏడ్చేవాడు. పాలు పట్టినా అంతే, భుజాన వేసుకుని హాలంతా తిరిగినా అంతే. తొమ్మిదింటికో పదింటికో అలిసిపోయి నిద్రపోయేవాడు. మళ్లీ రాత్రి రెండింటికి ఇంకో గంట. మేముండేది ఇంగ్లాండ్‌లో. ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, అంటే జీపీ చూశారు, ఇంటికొచ్చి పసిపిల్లల్ని చూసే నర్సు, అంటే హెల్త్ విజిటర్ చూశారు. బరువు బాగానే పెరుగుతున్నాడు, జ్వరం లేదు, విరేచనం బాగానే ఉంది, దీన్ని కోలిక్ అంటారు, కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది, ఓపిక పట్టండి అన్నారు. ఓపిక అన్న మాట మధ్యాహ్నం పూట వింటే బానే ఉంటుంది. రాత్రి రెండింటికి ఆ మాట చేతికి అందదు.

కాన్పుకి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. వాము నీళ్లు పట్టిద్దామంది. ఆరు నెలలదాకా పాలు తప్ప ఏమీ వద్దని ఇక్కడ చెప్పారు కాబట్టి నేను ఒప్పుకోలేదు. అమ్మ కాళ్లు చాపుకుని, వాణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, మోకాళ్లు మెల్లగా పొట్టకి ఆనించేది. అప్పుడు కాసేపు ఊరుకునేవాడు. ఒకరోజు ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆ పొగకి స్మోక్ అలారం మోగి, వాడు ఇంకా బెదిరిపోయి ఏడ్చాడు. అమ్మ కూడా ఏడ్చేసింది ఆ రోజు.

ఆ పరిస్థితిలో మా ఆఫీసులో ఒకావిడ చెప్పిన క్లినిక్ ఇది. రెడింగ్‌లో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. కైరోప్రాక్టిక్ క్లినిక్, అంటే వెన్నుపూసల మీద చేత్తో ఒత్తి చేసే చికిత్స. మొదటిసారి 60 పౌండ్లు, తర్వాత సారికి 42. నేను మూడుసార్లు వెళ్లాను, మొత్తం 144 పౌండ్లు. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి బోర్డులు ఈ దేశంలో చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇక్కడున్న మన తెలుగు తల్లులు ఏ ఊళ్లో ఆ తలుపు తట్టబోతున్నా పనికిరావాలని రాస్తున్నాను.

ముందు బాగున్న సంగతులు. చోటు చాలా శుభ్రంగా ఉంది. ప్రామ్ లోపలికి తీసుకెళ్లడానికి మెట్లు అడ్డం లేవు. చెప్పిన టైముకి లోపలికి పిలిచారు. పాలివ్వడానికి పక్కన చిన్న గది, అందులో మంచి కుర్చీ. కైరోప్రాక్టర్ ఒక నడివయసు ఆవిడ. మొదటి రోజు దాదాపు నలభై నిమిషాలు నా మాట విన్నారు. కాన్పు ఎలా జరిగింది, ఫోర్సెప్స్ వాడారా, నేను ఎన్ని గంటలు నిద్రపోతున్నాను, భోజనం చేస్తున్నానా, ఒక్కోటీ అడిగారు. కాన్పు అయ్యాక నన్ను అంతసేపు కూర్చోబెట్టి అడిగినవాళ్లు వేరే ఎవరూ లేరు. నాకు అక్కడే కళ్లనీళ్లు వచ్చాయి. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే రెండోసారి వెళ్లడానికి సగం కారణం అదే.

చికిత్స అంటారా, నాలుగైదు నిమిషాలు. ఒక చిన్న బల్ల, దాని మీద మెత్తని గొర్రె ఉన్ని గుడ్డ. వాణ్ణి దాని మీద పడుకోబెట్టి, మెడ వెనక, తలా మెడా కలిసే చోట, ఒక్క వేలి కొనతో తాకారు. "ఎంత ఒత్తుతున్నానో చూడండి" అని అదే వేలు నా ముంజేతి మీద పెట్టారు. టమాటా పండిందో లేదో నొక్కి చూస్తాం కదా, అంతే. తర్వాత వెన్ను పొడుగునా రెండు వేళ్లు నడిపించారు. చంటోడు గదిలో మూలనున్న అస్థిపంజరం బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ నా పక్కనే నిలబడి, "ఇంతేనా?" అంది తెలుగులో. ఇంతే.

ఆవిడ చెప్పిన మాట ఇది. పుట్టేటప్పుడు మెడ దగ్గర ఒత్తిడి పడింది, అక్కడ బిగుసుకుపోయి ఉంది, అది వదిలితే కోలిక్ తగ్గుతుంది. ఆరు నుంచి పన్నెండు సిట్టింగులు పడుతుంది, పన్నెండుకి ముందే కడితే డిస్కౌంటు. ఇంటికొచ్చి వాళ్ల వెబ్‌సైట్ అంతా వెతికాను. కోలిక్ అన్న మాట ఎక్కడా లేదు. "స్థిమితంగా లేని పసిపిల్లలకు సున్నితమైన సంరక్షణ" అని మాత్రం ఉంది. నోటితో చెప్పినదానికీ రాతలో పెట్టినదానికీ తేడా ఎందుకుందో అప్పుడు నాకు తట్టలేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లెక్క రాసుకోకపోతే తోచదు. ఆరో వారం నుంచీ ఒక నోటు పుస్తకంలో రోజుకి ఎన్ని నిమిషాలు ఏడ్చాడో రాశాను. మొదటి సిట్టింగుకి ముందు వారం సగటున రోజుకి 190 నిమిషాలు. మూడో సిట్టింగు అయిన వారం 185. ఇక ఆపేశాను. పదమూడో వారానికి గంటకి దిగింది. పదిహేనో వారంలో ఒక సాయంత్రం ఆరైంది, ఆరున్నరైంది, ఏడైంది, వాడు సీలింగు ఫ్యాను లేని ఖాళీ సీలింగు చూసుకుంటూ కాళ్లు ఆడిస్తున్నాడు. అమ్మా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అంతే, ఆ రోజుతో సరి.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ పన్నెండు సిట్టింగులకీ డబ్బు కట్టి వారానికొకటి వెళ్లి ఉంటే, తొమ్మిదో సిట్టింగు వారానికల్లా ఏడుపు ఆగి ఉండేది. నేను ఆ చేతులకి దండం పెట్టి, అయిదు స్టార్లు ఇచ్చి, పది మందికి చెప్పి ఉండేదాన్ని. అబద్ధం ఆడినట్టు కూడా కాదు, నమ్మే చెప్పేదాన్ని. మా పనిలో ఒక బగ్ దానంతట అదే కనపడకుండా పోతే దాన్ని ఎవరూ ఫిక్స్ చేసినట్టు లెక్కలో వెయ్యరు. అందుకే పోల్చి చూడటానికి ఇంకో గుంపు కావాలి.

అలా పోల్చి చూసినవాళ్లు ఉన్నారు. 2001లో నార్వేలో ఒక పరిశోధన అచ్చయింది. కోలిక్ ఉన్న వంద మంది పసివాళ్లతో మొదలుపెట్టారు, 86 మంది చివరిదాకా ఉన్నారు. కొందరికి కైరోప్రాక్టర్ వెన్ను మీద చికిత్స చేశారు. మిగతావాళ్లని ఒక నర్సు పది నిమిషాలు ఊరికే ఎత్తుకున్నారు. ఎవరికి ఏది చేశారో తల్లిదండ్రులకి చెప్పలేదు. చికిత్స అందినవాళ్లలో దాదాపు 70 శాతం మందికి నయమనిపించింది. ఎత్తుకున్నవాళ్లలో 60 శాతం మందికి నయమనిపించింది. అంత చిన్న లెక్కలో ఆ తేడా కాకతాళీయం కావచ్చని తేల్చారు. 2012లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ ఈ రకం చికిత్సల మీద జరిగిన ఆరు పరిశోధనలని, మొత్తం 325 మంది పిల్లల్ని, కలిపి చూసింది. అవన్నీ చిన్నవి, చాలావాటిలో చికిత్స జరిగిందన్న సంగతి తల్లిదండ్రులకి తెలుసు, కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేమంది. ఏడుపు లెక్కపెట్టేది తల్లిదండ్రులే కదా. మనసులో ఆశ పెట్టుకుని గడియారం చూస్తే గడియారం కూడా మన మాటే వింటుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దవాళ్ల నడుం నొప్పికి చేత్తో చేసే చికిత్సని, వ్యాయామంతో కలిపితేనే సుమా, ఆలోచించవచ్చని ఇక్కడి వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. నా అభ్యంతరమంతా పసిపిల్లల కోలిక్ గురించి చెప్పిన మాట మీదే.

ఇదంతా అయ్యాక క్లినిక్ నుంచి రివ్యూ రాయమని మెసేజ్ వచ్చింది. రాశాను. రెండు స్టార్లు ఇచ్చి, మర్యాద బాగుంది, శుభ్రం బాగుంది, కోలిక్‌కి పని చేస్తుందన్నారు, మా వాడికి చెయ్యలేదు, దానికి సరైన ఆధారం కూడా లేదు అని. మూడో రోజు మెయిల్. ఆ రివ్యూ తమ వృత్తి ప్రతిష్ఠకు భంగం కలిగిస్తోందనీ, వారం లోపల తీసెయ్యకపోతే లీగల్ సలహా తీసుకుంటామనీ. నా చేతులు వణికాయి. మా ఆయన, "తీసెయ్. వీసా మీద ఉన్నాం, మనకెందుకు ఈ గొడవ?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చెయ్యాల్సిన ఏడాదిలో 'లీగల్' అన్న మాట మెయిల్‌లో కనపడితే ఏ ఇంట్లోనైనా టెన్షనే. సివిల్ దావాకీ పీఆర్‌కీ ఏంటి సంబంధం అని ఇప్పుడు అడగగలను గానీ ఆ రాత్రి అడగలేదు.

మా ఊళ్లో తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో నా గోడు వెళ్లబోసుకుని, "అంతా బోగస్" అని రాశాను. గ్రూపులో లా చదివిన ఒకావిడ వెంటనే ఫోన్ చేశారు. "మీరు రివ్యూలో ఆ మాట గానీ వాడారా?" అన్నారు. లేదన్నాను. "ఎందుకంటే ఆ ఒక్క మాట మీద, సరిగ్గా ఇదే సంగతి మీద, ఈ దేశంలో రెండేళ్లు కేసు నడిచింది" అని సైమన్ సింగ్ కథ చెప్పారు. ఆ రాత్రి చంటోడికి పాలిస్తూ ఫోన్‌లో ఆ తీర్పు చదివాను. నా జీవితంలో చదివిన మొదటి తీర్పు అదే.

సైమన్ సింగ్ పంజాబ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో ఇక్కడే పుట్టిన మనిషి. కణ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి సైన్స్ రచయిత అయ్యారు. 2008 ఏప్రిల్ 19న గార్డియన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పసిపిల్లల కోలిక్, నిద్ర, పాలు తాగడంలో ఇబ్బందులు, తరచూ వచ్చే చెవి ఇన్‌ఫెక్షన్లు, ఆస్తమా, ఎడతెగని ఏడుపు, వీటికి తమ సభ్యులు సాయం చెయ్యగలరని బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ అంటోందనీ, దానికి రవ్వంత ఆధారం కూడా లేదనీ, అయినా ఆ సంస్థ బోగస్ చికిత్సలని సంతోషంగా ప్రచారం చేస్తోందనీ ఆ వ్యాసంలో రెండు వాక్యాలు. జవాబు రాసుకోవడానికి చోటు ఇస్తామని పత్రిక అంది. సంస్థ ఒప్పుకోలేదు. పత్రిక మీద కాకుండా, సింగ్ ఒక్కరి మీద పరువునష్టం దావా వేసింది.

ఎడతెగని ఏడుపు! ఆ జాబితా చదువుతుంటే మా ఇంటి సాయంత్రాలే కనిపించాయి. నేను 60 పౌండ్లు కట్టిన మాటే అక్కడ, అన్ని సంవత్సరాల కిందట, కోర్టులో ఉంది.

2009 మే నెలలో డేవిడ్ ఈడీ అనే జడ్జి గారు తొలి విచారణలో తేల్చింది ఏమిటంటే, సింగ్ రాసింది అభిప్రాయం కాదు, వాస్తవంగా చెప్పిన మాట అని. బోగస్ అంటే ఆ చికిత్సలు పని చెయ్యవని తెలిసి కూడా కావాలని మోసం చేస్తున్నారని అర్థం అని. అంటే సింగ్ ఇప్పుడు ఆ సంస్థ మనసులో మోసం ఉందని రుజువు చెయ్యాలి. ఆయన తన ఉద్దేశం అది కాదు, ఆధారం లేని చికిత్స అనే అన్నాను అంటున్నారు. చికిత్సకి ఆధారం ఉందా లేదా అని పరిశోధనలు పెట్టి వాదించుకోవచ్చు. ఎదుటివాడి మనసులో ఏముందో ఏ పరిశోధనతో తేలుస్తారు?

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మన తెలుగులో బోగస్ అంటే ఏమిటి? బోగస్ ఓట్లు, బోగస్ రేషన్ కార్డులు, బోగస్ సర్టిఫికెట్లు. ఎవరో ఒకరు పనిగట్టుకుని తయారు చేసినవే అన్నీ. తెలుగు చెవికి ఆ మాటలో మోసం వినపడుతుంది. నేను వాట్సాప్‌లో రాసినప్పుడు ఏ అర్థంతో రాశాను? నిజం చెప్పాలంటే కోపంలో, మోసం అనే అర్థంతోనే. కానీ ఆ క్లినిక్ ఆవిడ నన్ను మోసం చేశారని నాకు తెలుసా? తెలీదు. ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మే చేసి ఉంటారు. నా కన్నీళ్లు చూసి టిష్యూ ఇచ్చిన మనిషి. ఆవిడ నమ్మకం నిజమైనదే కావచ్చు, నమ్మినదానికి ఆధారం లేకపోవచ్చు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. గ్రూపులో ఆ మెసేజ్ తీసేసి, "ఆధారం లేదు" అని మార్చాను. ఏ కేసుకీ భయపడి మార్చలేదు, అదే సరైన మాట కాబట్టి.

కానీ సింగ్ విషయంలో కోర్టు ఆ తేడా చూడటానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా సంస్థ తన ఆధారాలివిగో అంటూ 29 అంశాల జాబితా ఒకటి బయటపెట్టింది. గంటల్లోనే ఎవరెవరో, ఎక్కడెక్కడి నుంచో, ఒక్కొక్కటే తెరిచి చదివారు. కొన్నింటికి పసిపిల్లలతో గానీ ఆ చికిత్సతో గానీ సంబంధమే లేదని చూపించారు. మొదటి రోజే పత్రికలో ఆ జాబితా వేసి ఉంటే ఒక్క వారంలో తేలిపోయే వాదన అది. అటు వందల మంది కైరోప్రాక్టర్ల ప్రకటనల మీద వాళ్ల నియంత్రణ మండలికి ఫిర్యాదులు వెళ్లాయి. ఒక సంఘమైతే తన సభ్యులని వెబ్‌సైట్లు తీసెయ్యమని చెప్పింది. మా క్లినిక్ వెబ్‌సైట్‌లో కోలిక్ అన్న మాట ఎందుకు లేదో, నోటితో మాత్రమే ఎందుకు చెబుతారో, నాకు ఇక్కడ కొంత అర్థమైనట్టు అనిపించింది. ఇది నా ఊహ మాత్రమే.

2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు, అందులో ఒకరు ఈ దేశపు ప్రధాన న్యాయమూర్తి, ఈడీ గారి మాట తోసిపుచ్చారు. సింగ్ రాసింది ఆధారాల విలువ మీద ఒక అభిప్రాయం అన్నారు. అమెరికా జడ్జి ఈస్టర్‌బ్రూక్ ఒక తీర్పులో అన్న మాటని తమ తీర్పులో తెచ్చి పెట్టారు. శాస్త్రంలో వచ్చే వివాదాలు శాస్త్రం పద్ధతిలోనే తేలాలి, దావాల పద్ధతిలో కాదు అని ఆ మాట సారం. ఏప్రిల్ 15న సంస్థ కేసు విరమించుకుంది. కొన్ని మాటల అర్థం తేలడానికే రెండు లక్షల పౌండ్లు ఖర్చయిందని సింగ్ అన్నారు. గెలిచిన మనిషికి కూడా అంతా తిరిగి రాదు ఇక్కడ. ఆయన పేరున్న రచయిత, పుస్తకాల మీద సంపాదన ఉంది కాబట్టి నిలబడగలిగారు. 144 పౌండ్లకి బాధపడే నాలాంటిది మొదటి మెయిల్‌కే తలొంచేది. తలొంచిందనే సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. నాకు అన్నిటికన్నా భయం వేసింది దాని గురించే. తీసేసిన రివ్యూలు, రాయకుండా మానేసిన వ్యాసాలు లెక్కకి రావు. రాత్రి రెండింటికి ఏడ్చే బిడ్డని ఎత్తుకుని ఫోన్‌లో వెతికే తల్లికి అయిదు స్టార్లు మాత్రమే కనిపిస్తాయి.

పీటర్ విల్మ్స్‌హర్స్ట్ అనే గుండె డాక్టరు కథ ఇంకా ఘోరం. గుండెలో చిన్న రంధ్రాన్ని మూసే ఒక పరికరంతో మైగ్రేన్ తగ్గుతుందేమో చూసిన పరిశోధనలో ఆయన కూడా ఉన్నారు. ఆ ఫలితాల మీద తన అనుమానాలు 2007లో వాషింగ్టన్‌లో జరిగిన సదస్సులో ఒక విలేఖరికి చెప్పారు. పరికరం తయారు చేసింది బోస్టన్ కంపెనీ. మాట్లాడింది అమెరికాలో. కేసు మాత్రం లండన్‌లో వేశారు, అప్పట్లో ఇక్కడి చట్టం దావా వేసినవాడికి అంత అనుకూలం కాబట్టి. 2011లో ఆ కంపెనీ మూతపడేదాకా ఆయన మెడ మీద ఆ కత్తి వేలాడుతూనే ఉంది. అదే రోజుల్లో, దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ మందులు వద్దు, విటమిన్లు మింగండి అని ప్రచారం చేసిన మథియాస్ రాత్ గురించి రాసినందుకు గార్డియన్‌లో సైన్స్ కాలమ్ రాసే డాక్టరు బెన్ గోల్డేకర్ మీద, ఆ పత్రిక మీద దావా పడింది. 2008లో రాత్ వెనక్కి తగ్గాడు గానీ అప్పటికి పత్రికకి అయిన ఖర్చు అయిదు లక్షల పౌండ్ల దాకా. కోలిక్ అంటే తగ్గిపోయే ఏడుపు. హెచ్ఐవీ అయితే ప్రాణాల మీదకొచ్చిన సంగతి.

ఇవన్నీ చూసి వేల మంది సంతకాలు పెట్టి అడిగితే వచ్చింది 2013 పరువునష్టం చట్టం. 2014 జనవరి 1 నుంచి ఇంగ్లాండ్, వేల్స్‌లో అమల్లో ఉంది. గ్రూపులో ఆవిడ చెప్పిన వివరం నాకు పనికొచ్చింది కాబట్టి రాస్తున్నాను. దావా వేసేవాళ్లు తమ పేరుకి తీవ్రమైన హాని జరిగిందని లేదా జరగబోతోందని చూపాలి. లాభం కోసం నడిచే సంస్థ అయితే ఆ హాని తీవ్రమైన డబ్బు నష్టమై ఉండాలి. నిజాయితీగా చెప్పిన అభిప్రాయానికి రక్షణ ఉంది, అయితే అది అభిప్రాయమని తెలియాలి, దేని మీద ఆధారపడి అంటున్నామో చదివేవాళ్లకి తెలియాలి, ఆ ఆధారం నిజమై ఉండాలి. తోటి శాస్త్రవేత్తలు పరిశీలించాక శాస్త్ర పత్రికలో అచ్చయిన మాటకి, దురుద్దేశం లేకపోతే, ప్రత్యేకంగా రక్షణ ఇచ్చారు. ఈ దేశంలో నివాసం లేనివాళ్ల మీద లండన్‌లో దావా వెయ్యడం కూడా కష్టం చేశారు. లాయర్ ఫీజులు మాత్రం చట్టంతో తగ్గలేదు. కాబట్టి బెదిరింపు మెయిల్‌కి బలం ఇంకా ఉంది, అది నేనే చూశాను.

ఇదంతా అమ్మకి తెలుగులో చెబితే, "మరి మన దగ్గర రాస్తేనో?" అంది. మన దగ్గర పరువునష్టం సివిల్ దావాతో ఆగదు, క్రిమినల్ నేరం కూడా. ఇదివరకు ఐపీసీ 499, 500 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల దాకా జైలు. ఇంగ్లాండ్‌లో ఆ క్రిమినల్ నేరాన్ని 2010లోనే ఎత్తేశారు. 2023లో కొచ్చికి చెందిన కాలేయ వైద్యుడు సిరియాక్ ఏబీ ఫిలిప్స్ మీద ఒక ఆయుర్వేద ఉత్పత్తుల కంపెనీ, తమ ఉత్పత్తులని విమర్శిస్తూ పోస్టులు పెట్టారని కేసు వేస్తే, బెంగళూరు సివిల్ కోర్టు ఉత్తర్వుతో ఆయన ఎక్స్ ఖాతా మొత్తం మన దేశంలో కనపడకుండా పోయింది. తర్వాత కర్ణాటక హైకోర్టు, ఆ కంపెనీ గురించిన పోస్టులు దాచాలన్న షరతు మీద ఖాతా తెరిపించింది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. మా నాన్నకి కామెర్లు వచ్చినప్పుడు నెలల తరబడి ఏ మందు మింగించిందో ఆమెకి గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది.

చివరికి నేను చేసింది ఇది. రివ్యూ తియ్యలేదు. తిరగరాశాను. ముందు రాసినదాంట్లో తప్పేమీ లేదు గానీ, ఏది నేను చూసింది, ఏది నా అభిప్రాయం అన్నది కలగాపులగంగా ఉంది. మొదటి లైను మర్యాద, శుభ్రం గురించి. రెండో లైను, కోలిక్ తగ్గుతుందని ఏ తేదీన నాకు చెప్పారో, ఎన్ని సిట్టింగులు చెప్పారో. మూడో లైను, నా నోటు పుస్తకంలో లెక్క. నాలుగో లైను, నార్వే పరిశోధన, కోక్రేన్ లెక్క చూశాక, ఈ చికిత్సకి సరైన ఆధారం లేదని నా అభిప్రాయం అని. స్టార్లు రెండు నుంచి మూడు చేశాను, ఎందుకంటే ఆ నలభై నిమిషాలు నిజంగా విలువైనవి. తర్వాత క్లినిక్‌కి మెయిల్ పెట్టాను. రివ్యూ ఉంటుంది, మీ దగ్గర వేరే పరిశోధన ఉంటే దాని కిందే జవాబుగా రాయండి, నేను తప్పని తేలితే నేనే దిద్దుతాను అని. సెండ్ నొక్కే ముందు మా ఆయన ఒకసారి చదివారు. "మర్యాదగానే ఉంది, పంపు" అన్నారు.

పదిహేను రోజులు ఏమీ రాలేదు. ఆ పదిహేను రోజులూ తలుపు దగ్గర కవరు పడిన చప్పుడు వినిపిస్తే గుండె ఝల్లుమనేది. తర్వాత ఒక మధ్యాహ్నం నా రివ్యూ కింద వాళ్ల జవాబు కనిపించింది. లాయర్ మాట లేదు. చాలా కుటుంబాలు తమ దగ్గర సంతృప్తిగా ఉన్నాయనీ, ప్రతి బిడ్డా వేరనీ, మా వాడు ఇప్పుడు హాయిగా ఉన్నందుకు సంతోషమనీ రాశారు. పరిశోధన ఏదీ చూపించలేదు. నావి నాలుగు లైన్లు, వాళ్లవి ఆరు. రెండూ ఒకదాని కింద ఒకటి అక్కడే ఉన్నాయి.